బోరు నీళ్లకు బడ్జెట్: ఏడు కరువు జిల్లాల పంట ప్రణాళిక, ఒక కేస్ స్టడీ

అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ. ఉమ్మడి రాష్ట్రంలోని ఈ ఏడు జిల్లాల్లో 2003 తర్వాత కొన్నేళ్లపాటు ఆరు వందలకు పైగా ఊళ్ల రైతులు ఏటా రబీ ముందు ఒకచోట కూర్చున్నారు. తమ వాగు కింద భూమిలో ఎన్ని నీళ్లున్నాయో లెక్కగట్టి, ఆ లెక్క ఎదురుగా పెట్టుకుని పంటలు మాట్లాడుకున్నారు. రైతుల నిర్వహణలో భూగర్భజల వ్యవస్థల ప్రాజెక్టు, పొడి అక్షరాల్లో ఏపీఎఫ్ఏఎంజీఎస్, అంటే ఇదే. నిధులు నెదర్లాండ్స్‌వి, సాంకేతిక సహకారం ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థది. క్షేత్రంలో నడిపింది కర్నూలు జిల్లాకు చెందిన బర్డ్స్ ముందుండగా కొన్ని స్వచ్ఛంద సంస్థలు. ఇందులో పంట మార్చినందుకు సబ్సిడీ లేదు, మార్చనందుకు జరిమానా లేదు. రైతుకు అందింది కొలిచే పరికరాలు, వాటిని చదివే నేర్పు, అంతే.

దీనికి ముందు 1995 నుంచి 2003 దాకా ఇదే ప్రాంతంలో ఏపీవెల్ ప్రాజెక్టు నడిచింది. చిన్న, సన్నకారు రైతులకు ఉమ్మడి బోర్లు వేయించి, మెట్ట పొలాన్ని తరి చేయడం దాని పని. బోర్లు పడ్డాయి, ఆదాయమూ పెరిగింది. అయితే ఒక బోరులో నీళ్లు చూసి పక్కవాళ్లు మరో రెండు వేస్తే మొదటి బోరుకే ఎసరు. ఈ జిల్లాల్లో కూలి పనులు, పాల సేకరణ, నూనె మిల్లు, ఎరువుల కొట్టు అన్నీ బోరు కింద కోతకొచ్చే ఎకరాల మీదే నడుస్తాయి. విత్తింది ఎంతైనా మార్చిలో ఎండితే ఆ డబ్బంతా వడ్డీకే పోతుంది. అందుకే ఇక్కడ ప్రాంతీయ ఆర్థిక ప్రణాళిక అన్నమాటకు తొలి పేజీ నీటి లెక్కే కావాలి. ఆ లెక్క ఎలా వేయాలి, ఎక్కడ తప్పుతుంది అన్నదే ఈ వ్యాసం.

హద్దు ఎక్కడ గీయాలి

పంచాయతీ హద్దు నీళ్లకు తెలియదు. ప్రాజెక్టులో ఒక వాగు పరీవాహకాన్ని ఒక యూనిట్‌గా తీసుకున్నారు. ఊరికొక భూగర్భజల నిర్వహణ కమిటీ, వాగు మొత్తానికి ఆ కమిటీల సమాఖ్య. ఇలాంటి యూనిట్లు అరవైకి పైగా ఉండేవి. శాస్త్రం ప్రకారం ఇదే సరైన పద్ధతి. చిక్కల్లా, వాగుకు సర్పంచ్ ఉండడు, ఖాతా ఉండదు, నిధి రాదు. ప్రాజెక్టు ఉన్నంతకాలం సమాఖ్య నడిచింది, డబ్బు ఆగాక ముందు పడిపోయిందీ అదే. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు లెక్కను వాగు మీద వేసి, ఆమోదాన్ని పంచాయతీల్లో తీసుకోవడం మేలు. వాగు కింద నాలుగు పంచాయతీలుంటే నాలుగు తీర్మానాలు, ఒకే లెక్క.

కొలతలు

పనిముట్లు తక్కువే. సుమారు ఐదు చదరపు కిలోమీటర్లకు ఒక వర్షమాపకం, చదరపు కిలోమీటరుకు ఒక పరిశీలన బోరు, మట్టం కొలిచే టేపు, 200 లీటర్ల డ్రమ్ము, స్టాప్‌వాచ్. వర్షపాతం పడిన ప్రతి రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు, నీటి మట్టం పదిహేను రోజులకోసారి, బోరు దిగుబడి నెలకోసారి.

మట్టం కొలవడం చూడ్డానికి తేలిక. టేపు చివరి సెన్సరు నీటిని తాకగానే పైన బజర్ మోగుతుంది, కేసింగ్ (బోరు నోట్లో దించిన గొట్టం) అంచు దగ్గర అంకె చూసి, నేల నుంచి కేసింగ్ ఎంత పైకుందో అంత తీసేయాలి. ఈ తీసివేత మరిచిపోయిన పుస్తకాలు కోకొల్లలు. ఒకసారి తీసేసి, ఇంకోసారి తీసేయకపోతే అడుగున్నర నీళ్లు పెరిగినట్టో తగ్గినట్టో కాగితం మీద కనిపిస్తుంది. నడుస్తున్న బోర్లలో ఇంకో ఇబ్బంది. మోటారు వైరూ, డెలివరీ పైపూ, తాడూ ఉన్న ఆరున్నర అంగుళాల రంధ్రంలోకి టేపు దించితే చుట్టుకుపోతుంది, తెగితే ఆ బోరు రైతు ఇక ఎప్పటికీ ఒప్పుకోడు. మోటారు పైకి తీసినప్పుడే పక్కన ముప్పావు అంగుళం పీవీసీ పైపు దించి వదిలేస్తే ఈ గొడవ ఉండదు. మోటారు ఆపిన వెంటనే కొలిచినా తప్పే. ఆ బోరు తేరుకోవాలి, పక్క బోర్లూ ఆగి ఉండాలి. కరెంటు రాకముందు, తెల్లవారుజామున కొలిస్తే మంచిది. తెలంగాణలో 2018 జనవరి నుంచి సాగుకు 24 గంటల కరెంటు వచ్చాక ఆటో స్టార్టర్లున్న చోట అసలు మోటార్లు ఆగే వేళే దొరకడం లేదు. అక్కడ వాడకంలో లేని బోరునే పరిశీలనకు పెట్టుకోవాలి.

దిగుబడిని రైతులు ఇంచుల్లో చెప్తారు. ‘రెండించుల నీళ్లు’ అంటే ఎన్ని లీటర్లో పైపు వాలును బట్టి, చెప్పేవాడి ఉత్సాహాన్ని బట్టి మారుతుంది. డ్రమ్ము అబద్ధమాడదు. 200 లీటర్లు 50 సెకన్లలో నిండితే సెకనుకు 4 లీటర్లు. రోజుకు 7 గంటలు ఆడితే 100 క్యూబిక్ మీటర్లు. రబీ 120 రోజులకు 12 వేలు. వరికి ఎకరాకు సుమారు 4,900 క్యూబిక్ మీటర్లు కావాలి, వేరుశనగకు సుమారు 2,000. అంటే ఆ బోరు కింద వరి రెండున్నర ఎకరాలు కూడా పారదు, వేరుశనగ ఆరెకరాలు పారుతుంది. ఇదీ నవంబరు దిగుబడి చివరిదాకా ఉంటుందనుకుంటేనే. రాతి నేలల్లో ఫిబ్రవరికి అదే డ్రమ్ము నిండడానికి ఒకటిన్నర నిమిషం పట్టడం మామూలే. నెలనెలా కొలవమనేది అందుకే.

లెక్క

కింది అంకెలు ఏ ఊరివీ కావు, పద్ధతి చూపడానికి తీసుకున్నవి. వాగు పరీవాహకం 2,000 హెక్టార్లు. కింద మొరం, దాని కింద గ్రానైటు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వాన 480 మిల్లీమీటర్లు. ఒక హెక్టారు మీద ఒక మిల్లీమీటరు కురిస్తే 10 క్యూబిక్ మీటర్లు, కాబట్టి మొత్తం వాన 96 లక్షలు. భూగర్భజల అంచనా కమిటీ 1997 ప్రమాణాల ప్రకారం బంకమన్ను తక్కువున్న మొరం గ్రానైటులో దీనిలో 11 శాతం ఇంకుతుంది. బంక ఎక్కువుంటే 8 శాతమే. ఇక్కడ 11 వేస్తే 10.56 లక్షలు.

ఈ ఒక్క అంకెను నమ్మకూడదు. రెండో దారిలో సరిచూడాలి. మే నుంచి అక్టోబరుకు సగటు మట్టం 1.4 మీటర్లు లేచింది. ఈ మొరం తన పరిమాణంలో 3 శాతం నీటినే వదులుతుంది. 2,000 హెక్టార్లకు 8.4 లక్షలు. ఖరీఫ్‌లో బోర్లు నికరంగా తోడింది 2.2 లక్షలు కలిపితే 10.6 లక్షలు. రెండు దారులూ దగ్గరగా వచ్చాయి. 20 శాతం కన్నా ఎక్కువ తేడా వస్తే సభ పెట్టకుండా ముందు పుస్తకాలు చూడాలి. చాలాసార్లు బంకమన్ను నేలకు 11 వేసి ఉంటారు, లేదా నీళ్లున్న బోర్లే ఏరి పరిశీలనకు పెట్టి ఉంటారు.

ఖరీఫ్‌లో తోడింది పోగా చేతిలో ఉన్నది 8.4 లక్షలు. దాంట్లో మొదటి వాటా తాగునీటిది. 2,500 మందికి తలకు 55 లీటర్లు, వెయ్యి పశువులకు 40 లీటర్ల చొప్పున 240 రోజులకు 43 వేలు. వాగులోకి తనంతట తాను పోయేది ఇంకినదాంట్లో 5 శాతం, 53 వేలు. మిగిలింది 7.44 లక్షలు.

ఇక రైతులు వేద్దామనుకున్నది: వరి 180 ఎకరాలు, వేరుశనగ 200, మిరప 30, పొద్దుతిరుగుడు 40. ఎకరాకు వరుసగా 4,900, 2,000, 3,000, 1,600 చొప్పున తోడాల్సింది 14.36 లక్షలు. ఇక్కడ ఆగి ‘రెట్టింపు తోడుతున్నారు’ అని బోర్డు మీద రాస్తే వ్యవసాయం తెలిసిన రైతు లేచి నిలదీస్తాడు, నిలదీయాలి కూడా. మడిలో పెట్టిన నీటిలో కొంత తిరిగి భూమిలోకే పోతుంది. మట్టం 10 నుంచి 25 మీటర్ల లోతులో ఉంటే వరి నీటిలో 35 శాతం, ఆరుతడి పంటల్లో 15 శాతం తిరిగి వస్తుందని అవే ప్రమాణాలు. 10 మీటర్ల లోపైతే 45, 25. ఆ 25 మీటర్లు దాటితే 20, 5. తిరిగొచ్చేది తీసేస్తే నికర ఖర్చు వరి ఎకరాకు 3,185, వేరుశనగకు 1,700. నాలుగు పంటలూ కలిపి 10.44 లక్షలు. లోటు 3 లక్షలు.

ఈ లోటు పూడ్చడమే ప్రణాళిక. వరి 180 నుంచి 70కి తగ్గిస్తే మూడున్నర లక్షలు మిగులుతాయి. మిగిలిన 110 ఎకరాల్లో నల్లరేగడి ఉన్న 60లో శనగ, ఎర్ర నేల 50లో జొన్న వేస్తే 90 వేల క్యూబిక్ మీటర్లు ఖర్చు. వేరుశనగలో 25 ఎకరాలు బోరు జోలికి పోకుండా ఉలవకు వదిలితే మరో 42 వేలు మిగులుతాయి. లోటు పూడి, రెండున్నర వేల క్యూబిక్ మీటర్లు మిగిలాయి, అంటే ఒక ఎకరం మిరపకు సరిపడా. వరి 70 ఎకరాలు ఎందుకు ఉంచారంటే అవి జాలు పట్టే పల్లపు మడులు, అక్కడ ఇంకేది వేసినా కుళ్లుతుంది. ప్రణాళిక రాసే ఆఫీసుకు ఈ సంగతి తెలియదు, ఊరికి తెలుసు.

మిరపకు డ్రిప్ పెట్టి 30 శాతం ఆదా అని రాసుకోవడం ఎప్పుడూ జరిగే తప్పు. ఆ ‘ఆదా’లో పెద్ద భాగం ఎలాగూ భూమిలోకి తిరిగి ఇంకేదే. పైగా మిగిలిన నీటితో రైతు ఇంకో అరెకరం పెంచితే నికర ఖర్చు పెరుగుతుంది. డ్రిప్ వల్ల దిగుబడి, కరెంటు, కలుపు ఖర్చుల్లో లాభం నిజం. నీటి పద్దులో మాత్రం ఎకరాలు పెరగవన్న మాట ఉంటేనే దాన్ని రాయాలి.

చెక్‌డ్యామ్ మీద కూడా ఇలాంటి ఆశే. 3 వేల క్యూబిక్ మీటర్ల చెక్‌డ్యామ్ మూడుసార్లు నిండితే 9 వేలు, అందులో సగం ఇంకుతుందనుకున్నా 4,500. వరి లెక్కలో ఎకరన్నర కన్నా తక్కువ. ఉపాధి హామీలో కట్టుకోండి, వద్దని కాదు, కానీ 110 ఎకరాల లోటు దాంతో పూడదు.

సభ రోజు

ఎప్పుడు పెట్టాలన్నది ఏం చెప్పాలన్నదానికన్నా ముఖ్యం. నైరుతి ముగిసి ఉండాలి, అప్పటికింకా నారు పోసి ఉండకూడదు, విత్తనానికి అడ్వాన్సు ఇచ్చి ఉండకూడదు. అంటే అక్టోబరు మూడో వారం నుంచి నవంబరు తొలి వారం మధ్య పది పదిహేను రోజులు. దీపావళి తరచూ వాటిలోనే పడుతుంది. నారుమడి మొలిచాక పెట్టిన సభ వృథా, ఎందుకంటే అప్పటికి రైతు వరికి కట్టుబడిపోయాడు. చిత్తూరు, ప్రకాశం జిల్లాల్లో ఈశాన్య రుతుపవనం వాటా పెద్దది. అక్కడ నవంబరు లెక్కను తాత్కాలికంగానే ఉంచి డిసెంబరు రెండో వారంలో మళ్లీ తెరవాలి.

సభకు ముందే ఇంటింటికీ తిరిగి, ఎవరు ఏ సర్వే నంబరులో ఏం వేద్దామనుకుంటున్నారో రాసుకోవాలి. సభలో చేతులెత్తమంటే జనం పక్కవాణ్ని చూసి చెప్తారు. ఆడవాళ్లను విడిగా అడిగితే ఎకరాలు తరచూ తగ్గుతాయి. నాట్లకు కూలీలు దొరకడం, కిందటేడు ఎండిన మడి వాళ్ల లెక్కలో ముందుంటాయి.

బోర్డు మీద మొత్తం లోటే రాయాలి, ఫలానా రైతు ఎక్కువ వాడుతున్నాడని పేరు పెట్టకూడదు. పేరు పెట్టిన చోట చర్చ ఆ ఇంటికీ ఈ ఇంటికీ పాత కక్షలోకి జారి లెక్క మూలకు పోతుంది. లోటు చూశాక ఎవరేం తగ్గిస్తారన్నది వాళ్లకే వదిలేయాలి. ప్రాజెక్టు పద్ధతిలో ఉమ్మడి పంట తీర్మానం అన్నది పేరుకే, పని చేసింది సొంత భయం. నా బోరు మార్చిలో ఆగిపోతుందని ముందే తెలిసిన రైతు తన వరి తానే తగ్గించుకున్నాడు. ప్రపంచ బ్యాంకు 2010 నివేదిక ప్రకారం 42 శాతం యూనిట్లలో మూడేళ్లపాటు వరసగా రబీ తోడకం తగ్గింది, 51 శాతంలో కొన్నేళ్లు తగ్గి కొన్నేళ్లు తగ్గలేదు, 7 శాతంలో పెరిగింది. ఒత్తిడి, డబ్బు రెండూ లేకుండా ఇది చిన్న ఫలితం కాదు. 51 శాతం అంకెను కూడా చిన్నదిగా చూడకూడదు. వానలు బాగున్న ఏడు జనం మళ్లీ వరికే వెళ్లారని అది చెబుతోంది, బడ్జెట్ ప్రకారం అది తప్పూ కాదు.

ఎక్కడ చెడింది

ప్రాజెక్టు డబ్బు ముగిశాక చాలా ఊళ్లలో మొదట వర్షమాపకం, తర్వాత మట్టం పుస్తకం ఆగాయి. నెలకు రెండు పూటల పని ఊరికే ఎవరు చేస్తారు? పంచాయతీ నిధిలోంచి కొలిచేవాడికి చిన్న గౌరవ వేతనం పెట్టి, పుస్తకం చూశాకే చెల్లించే ఏర్పాటు ఉంటే ఆ ఖర్చు ఒక ఎండిన బోరు ఖర్చులో పిసరంత. అన్ని బోర్లూ నిలబెట్టలేకపోతే, వాగు ఎగువన, నడుమ, దిగువన కలిపి ఐదు బోర్లు, ఒక వర్షమాపకం మాత్రం వదలకూడదు.

కొత్త బోర్ల విషయంలో సమాచారం ఒక్కటే చాలలేదు. ఇప్పటికే పంట వేసిన రైతుకు లోటు భయపెడుతుంది. ఇంకా బోరు లేని రైతుకు అదే లోటు ‘అయిపోకముందే నేనూ వేయాలి’ అనిపిస్తుంది. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టంలో నమోదు, అనుమతి, ఊరి ఉమ్మడి తాగునీటి బావికి 250 మీటర్ల లోపు బోరు వద్దన్న నిబంధన ఉన్నాయి. అమలు మాత్రం రిగ్గు ఊళ్లోకి వచ్చిన రాత్రికి అందదు. బోర్లు లేని వాళ్లకు ఉన్న బోర్ల నుంచి ఒక తడికో రెండు తడులకో వాటా ఇచ్చే ఒప్పందం ఉన్నచోట కొత్త రిగ్గు అవసరం తగ్గుతుంది. ఆ ఒప్పందంలో పైపులైను ఎవరి ఖర్చు, మోటారు కాలితే ఎవరు బాగుచేయిస్తారు అన్న రెండూ ముందే రాసుకోవాలి. రాయనివి మొదటి వైండింగ్‌తోనే విడిపోతాయి.

పంట మార్పును మార్కెట్‌తో కలిపి చూడకపోతే మరుసటి ఏడు సభకు ఎవరూ రారు. ఒక వాగు కింద 60 ఎకరాల శనగ దళారికి చిన్న సరుకు, పది వాగుల కింద 600 ఎకరాలైతే దగ్గరలో కొనుగోలు కేంద్రం అడగొచ్చు. ప్రణాళిక నిజంగా ప్రాంతీయమయ్యేది ఇక్కడే. జొన్నకు పిట్టల కాపలా కావాలి. ఒక్కడే వేస్తే గింజ మిగలదు, పక్కపక్కన 50 ఎకరాలు వేస్తే నష్టం పంచుకుపోతుంది.

రాబోయే మార్పులకు చోటు

ఒక్క ఏడాది బడ్జెట్ పదేళ్ల ప్రణాళిక కాదు. దాన్ని అలా చేయాలంటే మూడు చేర్పులు కావాలి.

మొదటిది, వాన తప్పిన ఏడాదికి ముందే రాసిన పంటపట్టిక. వాతావరణ శాఖ 19 శాతం దాకా హెచ్చుతగ్గులను సాధారణం అంటుంది, 20 నుంచి 59 శాతం తక్కువైతే లోటు. సాధారణం, లోటు, అంతకన్నా తక్కువ అన్న మూడు పట్టికలు మే నెలలోనే గోడ మీద ఉంటే, అక్టోబరులో ఏది వర్తిస్తుందో చూడడమే మిగులుతుంది. రాతి నేలలో నీరు దాచిపెట్టే చోటు తక్కువ. మంచి ఏడు మిగిలింది మహా అయితే మరుసటి ఏటికి అక్కరకొస్తుంది, మూడేళ్లకు రాదు.

రెండోది తోటలు. నల్గొండ, అనంతపురం బత్తాయి తోటలు ఏడాదంతా నీళ్లడుగుతాయి. వరిని ఒక ఏడు మానొచ్చు, ఎనిమిదేళ్ల చెట్టును మానలేం. తోటల నికర అవసరాన్ని తాగునీటి పక్కనే, పంటల కన్నా ముందు పద్దులో రాయాలి. కొత్త తోట పెట్టదలచినవాళ్లు లోటు పట్టికలో కూడా తమ చెట్లకు నీళ్లు మిగులుతాయో లేదో చూపించాలి. ఆదాయం బాగున్న పంట కాబట్టి దీన్ని ఎవరూ ఆపరు, కనీసం లెక్కలోకి తేవాలి.

మూడోది బయటి నీళ్లు. ఎత్తిపోతల కాలువ వచ్చిన చోట చెరువు నిండి మట్టాలు లేస్తాయి, పాత లెక్క చెల్లదు. ఆ నీటిని వేరే వరుసలో రాయకుండా మొత్తంలో కలిపేస్తే, కాలువ రాని ఏడు ఆ ఎకరాలన్నీ బోర్ల మీద పడతాయి.

2019 డిసెంబరులో 6,000 కోట్ల రూపాయలతో మొదలైన అటల్ భూజల్ యోజన ఇదే ఆలోచనను గుజరాత్, మహారాష్ట్ర, కర్ణాటకతో కలిపి ఏడు రాష్ట్రాల్లోకి తీసుకెళ్లింది. తెలుగు రాష్ట్రాలు రెండూ ఆ జాబితాలో లేవు. ఇక్కడ దొరికే తలుపు గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక. దాని ప్రచార కార్యక్రమం 2018లో అక్టోబరు 2 నుంచి మొదలైంది, అంటే సరిగ్గా నీటి లెక్క వేసే రోజులు. నీటి బడ్జెట్‌ను ఆ గ్రామసభలో ఒక తీర్మానంగా చేర్చితే ఊరి రికార్డులోకి వస్తుంది.

కౌలు రైతుల సంగతి మాత్రం అక్టోబరులో తేలదు. కౌలు వడ్ల బస్తాల్లో మాట్లాడుకున్న చోట శనగ వేయమని ఎవరు చెప్పినా కౌలుదారు వినలేడు, బస్తాలు ఎక్కడి నుంచి తెస్తాడు? ఆ ఒప్పందాలు ఎక్కువ చోట్ల ఉగాదికి కుదురుతాయి. కాబట్టి మార్చి నీటి మట్టాలు చేతిలో పెట్టుకుని, ఉగాదికి ముందు భూస్వాములతో విడిగా ఒక సభ పెట్టాలి. కౌలు డబ్బు రూపంలో ఉండాలని, లోటు పట్టిక అమలైతే ఎంత తగ్గాలో ముందే అనుకోవాలని అక్కడే తేల్చుకోవాలి.